ఇరవై దాటని గడి

కాకినాడలో, మూడో అంతస్తులో, ఏసీ చలిలో
ఆ గడి గీసింది నేనే.
లేత బూడిద రంగు అక్షరాలు, గుండ్రటి అంచులు,
"లవణీయత: సున్నా నుంచి ఇరవై వరకు."
ఇరవై ఎందుకంటే,
మురుగుకాలవలో అంతకు మించి ఉప్పుండదని
మీటింగులో ఎవరో అన్నారు.
ఎవరో గుర్తులేదు. టీ మాత్రం బాగుంది.

అల్లవరం దిగువన, తూము దగ్గర,
పల్లాలమ్మ కుచ్చెళ్లు ఎగదోపి నీళ్లలోకి దిగుతుంది
పొద్దున్న ఆరింటికోసారి, పోటెక్కాక ఇంకోసారి.
గాజుబిళ్ల మీద ఒక్క చుక్క వేసి
గొట్టం కంటికి ఆనించి సూర్యుడి వైపు తిరుగుతుంది.
నీలం ఎక్కడ ఆగిందో, తెలుపు ఎక్కడ మొదలైందో
ఆ గీత దగ్గర అంకె చదువుతుంది.
అంతవరకూ ఏ కష్టమూ లేదు.
కష్టం నా దగ్గర మొదలవుతుంది.

తడి వేలిని ఫోను గుర్తుపట్టదు.
కొంగుకి తుడుచుకుందామంటే కొంగూ తడే.
నా లేత బూడిద అక్షరాలు ఆ ఎండలో
మజ్జిగలో పడ్డ సున్నం.
అరచెయ్యి గొడుగు పట్టి, ఒంగుని చూసి,
"ఏదో రాసుందని తెలుస్తందండి, ఏంటో తెలవట్లేదు" అంది.
"అక్షరాల రంగు ముదరాలి" అని పుస్తకంలో రాసుకున్నాను.
అలా రాసుకుంటే తప్పు చిన్నదైపోతుంది.

"అడుగున 'సమర్పించు' అనుందండి. ఎవరికండీ?"
నవ్వాను. ఆమె నవ్వలేదు.
సమర్పించడమంటే ఆమెకు తెలుసు:
పసుపు, కొబ్బరికాయ, ఎదురుగా ఒక ముఖం.
ఇక్కడ ముఖం లేదు, గిర్రున తిరిగే చక్రం ఉంది.
తూము గోడెక్కి ఫోను పైకెత్తి నిలబడితే
ఒక్కోరోజు ఆగుతుంది,
ఒక్కోరోజు పొద్దుగూకేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ఆఫీసులో మాకు గ్రాఫు కనిపిస్తుంది.
ఏప్రిల్ పన్నెండు నుంచి పంతొమ్మిది రోజులు
తాడు బిగించి లాగినట్టు తిన్నని గీత.
"స్థిరపడిందయ్యా" అన్నారు సుందరశివం గారు,
నివేదికలో ఆ మాట కింద ఇంకో గీత గీశారు.

నేనొచ్చింది ఆ గీత కోసం కాదు,
అయిదు ప్రశ్నల ఫారం నింపించుకోవడానికి.
"ఈ యాప్ మీకెంత సులువుగా ఉంది? ఒకటి నుంచి అయిదులోపు."
"అయిదేసుకోండి," అంది, "పాపం అంత దూరం నుంచొచ్చారు."

మంచినీళ్లు ఇవ్వడానికి లోపలికి వెళ్లినప్పుడు
గోడకి ఎరువుల కొట్టు క్యాలెండరు చూశాను.
ఏప్రిల్ ఇంకా తిప్పలేదు.
ఒక్కో తేదీ పక్కన పెన్సిలు అంకె:
ఇరవై రెండు. ఇరవై నాలుగు. ఇరవై నాలుగు.
ఇరవై ఆరు. అమావాస్య ముందునాడు ఇరవై తొమ్మిది.

"మరి ఫోన్లో?"
"ఇరవై ఒకటి కొడితేనే ఎర్రగా వచ్చేస్తదండి, చెల్లదని.
నాలుగుసార్లు కొట్టాను. చెల్లదు, చెల్లదు.
చదువుకున్నోళ్లు పెట్టిన లెక్క కదా,
గొట్టం కడిగి మళ్లీ చూశాను.
అదీ కాదని అమలాపురం ఎల్లి
కళ్లు చూపించుకున్నానండి. మూడొందలు తీసుకున్నాడు.
కళ్లు బానే ఉన్నాయన్నాడు.
ఇంకేం చేస్తాం, ఇరవై అనే కొట్టేశాను."

చెల్లదు.
ఆ మాట ఎంచింది కూడా నేనే.
ఇంకో రెండు మాటలుండేవి జాబితాలో,
పొడవెక్కువై గడిలో పట్టలేదు.

ఆ రాత్రి అమలాపురం లాడ్జిలో, దోమల మధ్య
ఆ ఇరవై తీసేశాను. ఒక్క వరస, అర నిమిషం.
అక్షరాలు కాటుకంత నలుపు చేశాను.
"సమర్పించు" పోయి "పంపు" వచ్చింది.
సిగ్నల్ లేకపోతే అంకెని దాచిపెట్టుకోమని ఫోనుకే చెప్పాను,
గోడెక్కాల్సింది ఆవిడ కాదుగా.
కింద ఒక ఖాళీ జాగా, హద్దుల్లేకుండా:
"ఇంకేమన్నా ఉంటే చెప్పండి."

ఆ మూడొందలు తిరిగివ్వాలంటే మాత్రం
మా ఖర్చుల ఫారంలో ఏ గడీ లేదు.
సుందరశివం గారు నివేదిక వెనక్కి తీసుకోవడానికి
ఇంకా ఆలోచిస్తున్నారు.

పోయిన మంగళవారం, ఉదయం ఆరూ పది,
ఖాళీ జాగాలో మొదటిసారి అక్షరాలు పడ్డాయి:

"ముప్పై ఒకటి. గుర్రపుడెక్క మాడిపోయింది.
బొమ్మిడాయిలు కనపడి నెలయ్యింది.
గట్టు కింద నారుమడి ఎర్రబడతంది.
రెండుసార్లు చూశాను. కళ్లు బానే ఉన్నాయి."